రసీదు లేని పైకప్పు

బూట్ల అట్టపెట్టెలో పెట్టి తెచ్చింది
ఎలియానా ఓయర్సున్, ఒక ఇంటిని.

మాల్మోలో ఆ వారం సముద్రపు గాలి
వీధిలో సైకిళ్లని ఒక్కొక్కటే పడగొడుతోంది.
నా బల్ల మీద మూత తీసి పక్కన పెట్టింది.
వల్పరాయిసోలో, కొండెక్కే లిఫ్టు బండి దిగాక
ఇంకా తొంభై మెట్ల పైన ఉన్న ఇల్లు
అమ్మేసిన కాగితాలు.

ముప్పై ఒక్క ఏళ్లు ఈ ఊళ్లో సిటీ బస్సు నడిపిన మనిషి.
ఏ స్టాపులో ఎన్ని సెకన్లు ఆగాలో తెలుసు.
"డబ్బు ఇక్కడికి తెచ్చుకుంటే పన్నెంత?" అంది,
సీటులో పూర్తిగా కూర్చోకుండానే.

తెచ్చినందుకు కాదు పన్ను, అన్నాను.
తెచ్చినా, అక్కడే బ్యాంకులో మూలిగినా
నువ్వుండేది ఇక్కడ గనక
లాభం ఎక్కడ పుట్టినా పేరు ఇక్కడ నమోదు చేయించాలి.
అక్కడ కట్టింది ఉంటే చూపించు.
ఒకే కోడిని రెండుసార్లు కోయకూడదని
రెండు దేశాలూ కాగితం రాసుకున్నాయి.
ఈకలు మాత్రం ఇద్దరూ లెక్కపెడతారు.

కొన్ననాటి పెసోలకి ఆనాటి రేటు,
అమ్మిననాటి పెసోలకి ఆనాటి రేటు.
అక్కడ ఏనుగంత కనిపించిన లాభం
క్రోనాల్లోకి దిగేసరికి దున్నపోతంత అయింది.
అయినా దున్నపోతే.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు,
ఇల్లు అమ్మి చూడు అని ఎవరూ అనలేదెందుకో.

ఖర్చులు చెప్పు, తగ్గిద్దాం, అన్నాను.
చెప్పింది.
భూకంపానికి తూర్పు గోడ
దానిమ్మకాయలా పగిలిన సంగతి,
ఇక్కడ మంచు పడే నెలల్లో అక్కడ ఎండాకాలం గనక
సెలవంతా నెల్సన్ పైకప్పు మీదే గడిపిన సంగతి,
ముడతల రేకులకి సముద్రపు ఆకుపచ్చ రంగు
తనకి నచ్చకపోయినా వేసిన సంగతి.

రేకులకి రసీదు?
కొట్టువాడు సిగరెట్ పెట్టె మీద రాసిచ్చాడు.
ఏది?
సిగరెట్లు అయిపోయాయి.
కూలీ?
కూలీ ఎవరు? నెల్సనే.

సొంత చెమటకి ధర కట్టకూడదు, రూలది.
బయటివాడు కొట్టిన మేకు ఖర్చు,
మొగుడు కొట్టిన మేకు
ఏమీ కాదు.
ఈ మాట అంటున్నప్పుడు
నేను కీబోర్డు వైపే చూశాను.

ఫొటో తీసి ఇచ్చింది.
రేకుల మీద బోర్లా పడుకుని ఒక మనిషి,
నోట్లో నాలుగు మేకులు, నవ్వలేక నవ్వుతూ.
నాలుగేళ్లయిందట, పోయి.
సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు అంటారే,
నేను సుంకరిని కూడా కాను,
సుంకరి గుమ్మం ముందు అర్జీలు రాసేవాణ్ని.

ఇంకొకటి తేలలేదు.
అమ్మింది మార్చిలో, పంపింది జూన్‌లో.
మూడు నెలలు డబ్బు శాంటియాగోలో ఎందుకుంది?
"ఊరికే" అంది ముందు.
తర్వాత, "పంపేస్తే
అమ్మేసినట్టు అవుతుంది కదా" అంది.

ఆ మూడు నెలల్లో పెసో జారింది.
అంటే మారకంలో నష్టం. దానికి ఫారంలో గడి ఉంది.
గోడ పట్టలేదు, పైకప్పు పట్టలేదు,
ఆవిడ తటపటాయింపు మాత్రం
దశాంశాలతో సహా పట్టింది.
అదీ మొత్తం ఇస్తారో, కొంత కోస్తారో, చూడాలి.

బ్యాంకు వాళ్లు ఉత్తరం రాశారట,
ఈ సొమ్ము ఎక్కడిదని.
"కొండ మీదిది అని రాయనా?" అంది.
రిజిస్ట్రేషన్ కాపీ జతచేయండి, అన్నాను.

పెట్టె చంకన పెట్టుకుని వెళ్లింది.
మూత మర్చిపోయింది.
తిప్పి చూస్తే లోపలివైపు, అంటించి ఉంది,
అన్నింటిలోకీ ఉన్న ఒకే ఒక్క రసీదు:
జారని అడుగున్న బూట్లు, మగవాళ్లవి, సైజు నలభై ఒకటి,
తేదీ, దుకాణం ముద్ర, సంతకం, అన్నీ స్పష్టంగా.

అర్ధగంట నుంచీ చూస్తున్నాను,
ఏ గడిలో వెయ్యాలా అని.